కొత్త ఊళ్లో తప్పిన మోడల్: ఫ్లోరైడ్ డేటాపై ఒక కేస్ స్టడీ

నల్లగొండ, నాగర్‌కర్నూల్ జిల్లాలు కలిసే మెట్ట ప్రాంతంలో జరిగిన పని ఇది. పరిశోధకులకు, స్వచ్ఛంద సంస్థలకు గణాంకాల విషయంలో సలహా ఇవ్వడం నా వృత్తి. సంబంధించిన వారి అనుమతితోనే రాస్తున్నాను. విశ్వవిద్యాలయం, సంస్థ, గ్రామాల పేర్లు తీసేశాను. మనుషులను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. భూగర్భ రసాయనం, కంప్యూటర్ మోడల్, తాగునీటి పాలన ఒకే పట్టికలో కలిసినప్పుడు పొరపాటు ఎక్కడెక్కడ దాగి ఉండగలదో ఈ కేసులో స్పష్టంగా కనిపించింది. ఇలాంటి డేటాతో పనిచేసే స్కాలర్లకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

నల్లగొండ ఫ్లోరైడ్ మీద పరిశోధన కొత్తది కాదు. ఈ జిల్లా ఫ్లోరోసిస్ (తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పటిక, సున్నం వాడి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించింది. ప్రపంచమంతటా దాని పేరు 'నల్లగొండ టెక్నిక్'. రోజూ కొలిచి పటిక కలపాలి, అడుగున పేరుకున్న మడ్డిని తీసి పారబోయాలి. ఆ రోజువారీ పని చూసే మనిషి లేని చోట ఆ పద్ధతి నిలబడదు. తర్వాత 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ కింద నదీజలాలు శుద్ధి అయి నల్లాల్లోకి వచ్చాయి. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లకు అది ఎంత పెద్ద మార్పో, అక్కడి వంగిన వెన్నెముకలను చూసినవారికి నేను చెప్పనక్కరలేదు.

అయినా బోర్లు మూతపడలేదు. మేము పనిచేసిన ఊళ్లలో పైపు పగిలినా, మరమ్మతులు జరుగుతున్నా, వేసవిలో సరఫరా తగ్గినా పంచాయతీ ట్యాంకును పాత బోరుతోనే నింపుతున్నారు. పొలం దగ్గర దప్పిక తీర్చేది బోరు నీళ్లే. కాబట్టి ఏ బోరులో ఫ్లోరైడ్ ఎంత ఉందన్న ప్రశ్న ఇప్పటికీ అవసరమైనదే.

నా దగ్గరికి వచ్చింది పర్యావరణ శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక స్కాలర్. ఆమె గైడ్ భూగర్భ శాస్త్రవేత్త. కంప్యూటర్ సైన్స్ విభాగం నుంచి ఒక యువ అధ్యాపకుడు సహకరిస్తున్నారు. తాగునీటిపై పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ వీరి ఫలితాలను తీసుకుని, సరఫరా ఆగినప్పుడు ఏ బోరు వాడవచ్చో చెప్పే పటం తయారుచేసి జిల్లా అధికారులకు ఇవ్వాలనుకుంది. మూడు వర్గాలదీ మంచి ఉద్దేశమే. ఎవరి పనిలోనూ నిర్లక్ష్యం లేదు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే కింద రాసేదంతా శ్రద్ధగా పనిచేసేవారికి కూడా ఎదురయ్యే చిక్కే.

వచ్చిన సమస్య

పాత పరీక్షల రికార్డులు, తాము స్వయంగా సేకరించిన నమూనాలు కలిపి వారు ర్యాండమ్ ఫారెస్ట్ (ఎన్నో నిర్ణయ వృక్షాల జవాబులను కలిపి తేల్చే) పద్ధతిలో ఒక మోడల్ తయారుచేశారు. బోరు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటుతుందా లేదా అన్నది అది చెప్పాలి. డేటాలో ఐదో వంతును పక్కన పెట్టి పరీక్షిస్తే తొంభై శాతానికి పైగా సరైన జవాబులు వచ్చాయి. పేపరు రాయడం మొదలైంది. పటం కూడా తయారైంది. సురక్షితమన్న బోర్లకు పచ్చ చుక్కలు, కానివాటికి ఎర్ర చుక్కలు.

పటాన్ని ముద్రించే ముందు, డేటాలో లేని కొన్ని ఊళ్లకు వెళ్లి నమూనాలు తీద్దామని పట్టుబట్టింది ఆ స్కాలరే. ఈ కేసులో అందరికంటే మెచ్చుకోవలసిన నిర్ణయం అదే. తీసిన నమూనాల్లో మోడల్ జవాబు నాణెం ఎగరేసి చెప్పినదానికంటే పెద్దగా మెరుగ్గా లేదు. పచ్చ చుక్క పడిన కొన్ని బోర్లలో ఫ్లోరైడ్ 1.5 దాటింది.

వారు నన్ను అడిగిన ప్రశ్న: "సార్, ఇంతకంటే మంచి అల్గారిథమ్ ఏది?"

అప్పటికే చేసి చూసినవి

నా దగ్గరికి వచ్చేలోపే వారు మూడు దారులు ప్రయత్నించారు. మూడింటికీ వారి వద్ద కారణాలున్నాయి.

మొదటిది, మరింత శక్తిమంతమైన పద్ధతులు. గ్రేడియంట్ బూస్టింగ్, ఆ తర్వాత న్యూరల్ నెట్‌వర్క్. సొంత పరీక్షలో అంకె ఇంకాస్త పెరిగింది, కొత్త ఊళ్లలో ఫలితం కదలలేదు.

రెండోది, ఫ్లోరైడ్ ఎక్కువున్న నమూనాలు తక్కువగా ఉన్నాయని స్మోట్ పద్ధతితో కృత్రిమ నమూనాలు కలపడం. ఉన్న రెండు నమూనాల మధ్య విలువలను లెక్కగట్టి మూడోదాన్ని పుట్టించడం ఆ పద్ధతి సారం. డేటాను శిక్షణకు (మోడల్ నేర్చుకునే భాగం), పరీక్షకు (దాన్ని తనిఖీ చేసే భాగం) విడదీయక ముందే ఇది చేశారు. దాంతో శిక్షణలో ఉన్న నమూనాల పోలికలు పరీక్ష భాగంలోకీ వెళ్లాయి. మోడల్ తన శిక్షణలోని వాటికి అతి దగ్గరి పోలికలనే గుర్తుపట్టి మార్కులు తెచ్చుకుంది.

మూడోది, ఉపగ్రహ సమాచారం, వర్షపాతం, అక్షాంశ రేఖాంశాలు జోడించడం. వినడానికి ఇది అత్యంత శాస్త్రీయంగా ఉంటుంది. కానీ వర్షపాతం గడులు ఎంత పెద్దవంటే పక్కపక్క ఊళ్లన్నింటికీ ఒకే విలువ వస్తుంది. అలాంటి విలువలు మరికొన్ని కలిస్తే మోడల్‌కు అవి ప్రకృతి గురించి చెప్పడం మానేసి, ఊరి చిరునామాలా పనిచేస్తాయి.

మొదట అడిగిన ప్రశ్న

కోడ్ చూడకముందే నేను అడిగింది, పట్టికలో ఒక్కో వరుస ఎక్కడి నుంచి వచ్చిందని. చాలా బోర్లలో ఏటా రెండుసార్లు, వానలకు ముందు, తర్వాత నమూనాలు తీశారు. అంటే ఒకే బోరు ఎన్నో వరుసలుగా ఉంది. యాదృచ్ఛికంగా విడదీస్తే అదే బోరు మే నెల నమూనా శిక్షణలోకి, నవంబరు నమూనా పరీక్షలోకి వెళుతుంది. ఒక మనిషి బరువు జనవరిలో తూచినవాడు జూన్‌లో అతని బరువు దాదాపు సరిగ్గానే చెప్పగలడు. దాంతో ఊళ్లో ఎవరి బరువైనా చెప్పగలనని అనలేడు.

అనుమానాన్ని మాటలతో చెబితే వాదన అవుతుంది. అందుకే ఒక చిన్న పరీక్ష చేయమన్నాను. రసాయనం, శిల, వర్షపాతం అన్నీ తీసేసి, ఊరి పేరు ఒక్కటే ఇచ్చి మోడల్ తయారుచేయమన్నాను. దాని ఫలితం పెద్ద మోడల్ ఫలితానికి దాదాపు సమానంగా వచ్చింది. గది కాసేపు నిశ్శబ్దమైంది. ఇన్నాళ్లూ మోడల్ నేర్చుకున్నది ఎక్కువగా చిరునామాలేనని గైడ్‌కు, యువ అధ్యాపకుడికి ఒకేసారి అర్థమైంది.

ఇది ఒక్క ఈ జట్టుకే వచ్చిన ఇబ్బంది కాదని వారికి చూపించడం అవసరమనిపించింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన సయాశ్ కపూర్, అరవింద్ నారాయణన్ 2023లో ప్రచురించిన సమీక్షలో 17 శాస్త్ర రంగాల్లో, 294 పేపర్లలో ఇలాంటి డేటా లీకేజీని, అంటే పరీక్ష జవాబులు ఏదో దారిలో శిక్షణలోకి జారిపోవడాన్ని, గుర్తించారు. వైద్యం నుంచి రాజనీతి శాస్త్రం వరకు ఉన్నాయి అవి. ఆ స్కాలర్ ముఖంలో భయం కొంత తగ్గింది. ఏళ్ల శ్రమ వ్యర్థమైందని అనుకుంటున్న మనిషికి, తన చిక్కుకు ఒక పేరుందని తెలియడం కూడా ఆసరాయే.

గ్రామాలవారీగా విడదీసినా లొంగని అంకె

పరిష్కారం తేలికే అనిపించింది: ఒక ఊరి వరుసలన్నీ శిక్షణలోనైనా ఉండాలి, పరీక్షలోనైనా ఉండాలి, రెండింటిలో కాదు. అలా చేశారు. అంకె తగ్గింది, కానీ కొత్త ఊళ్లలో పడిపోయినంత తగ్గలేదు. ఇక్కడ తృప్తిపడి ఆగిపోవచ్చు. బయటి పరీక్షకు, లోపలి పరీక్షకు ఇంకా అంత తేడా ఉందంటే మరో రంధ్రం ఉండి తీరాలన్నది నా తర్కం.

అది పాలన చరిత్రలో దొరికింది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగింది. పాత నల్లగొండ మూడు జిల్లాలైంది. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, ఆ తర్వాత 2019లో నారాయణపేట వేరుపడ్డాయి. కొత్త మండలాలు వచ్చాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాయి. పాత ఫైళ్లలో ఒక ఊరి పేరు మీద ఉన్న బోరు, కొత్త ఫైళ్లలో పక్క తండా పేరు మీద, వేరే మండలం కింద ఉంది. కంప్యూటర్‌కు అవి రెండు ఊళ్లు. ఒకటి శిక్షణలోకి, రెండోది పరీక్షలోకి వెళ్లాయి. దీనికి తోడు ఊళ్ల పేర్ల స్పెల్లింగులు ఒక్కో ఫైలులో ఒక్కో విధంగా ఉన్నాయి. పేర్లను వదిలేసి, బోరు ఉన్న చోటు కొలతలతో, జనగణన గ్రామ కోడ్‌లతో మొత్తం పట్టికను మళ్లీ కలిపారు. విసుగు పుట్టించే పని. పేపర్లలో ఒక్క వాక్యంగా కూడా కనిపించదు. ఈ కేసులో ఫలితాన్ని మార్చింది మాత్రం అదే.

మరో రంధ్రం ఊళ్లోనే బయటపడింది. ఒక బోరులో ఫ్లోరైడ్ ఒక ఏడాది ఉన్నట్టుండి రెట్టింపైంది. ప్రయోగశాల పొరపాటని ఆ విలువను కొట్టేయబోతున్నారు. కొట్టేసే ముందు ఆ బోరు నడిపే మనిషిని అడగమన్నాను. ట్యాంకు చూసుకునే పెద్దాయన స్కాలర్‌తో అన్న మాట: "బిడ్డా, ఇది ఆ బోరు కాదు. అది ఎండిపోతే పక్కనే ఇంకా లోతుగా కొత్తది వేశారు. నంబరు మాత్రం పాతదే ఉంచారు." అప్పటి నుంచి ప్రతి బోరుకూ లోతు, వేసిన ఏడాది, కేసింగ్ (బోరు గోడ కూలకుండా దింపే గొట్టం) ఎంత వరకు దింపారన్నది అడిగి రాయడం మొదలుపెట్టారు. పంచాయతీలో ఆ లెక్క లేకపోతే బోరు వేసినవారినే అడిగారు. వారికి ఎన్ని అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయో చాలా చోట్ల గుర్తుంది.

లోతు ఎందుకు అంత ముఖ్యం? ఇక్కడి గ్రానైట్, నైస్ శిలల్లో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాలున్నాయి. పైన శిథిలమైన పొరలో ఊరే నీరు, కింద పగుళ్లలో చాలాకాలం నిలిచిన నీరు ఒకటి కావు. నీరు రాతితో ఎక్కువ కాలం ఉండి, క్షారగుణం పెరిగి, కాల్షియం సున్నపురాయిగా అవక్షేపమైపోతే, ఫ్లోరైట్ ఇంకా కరిగేందుకు చోటు దొరుకుతుంది. అందుకే కాల్షియం తక్కువ, సోడియం, బైకార్బనేట్ ఎక్కువగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఒకే వీధిలో రెండు బోర్లు వేర్వేరు పగుళ్లను తాకితే రెండు రకాల నీళ్లు వస్తాయి.

అందుబాటులో లేని సమాచారంతో అంచనా

ఇక్కడే నాకు ఈ కేసులో అతి ముఖ్యమనిపించిన విషయం తేలింది. మోడల్‌కు బాగా పనికొచ్చిన అంశాలు కాల్షియం, సోడియం, బైకార్బనేట్. రసాయనికంగా అవి పూర్తిగా సరైనవే. గైడ్ వాటిని సంతోషంగా చూపించారు. నేను అడిగింది ఒక్కటే: పరీక్షించని బోరుకు ఆ విలువలు ఎక్కడి నుంచి వస్తాయి?

అవి రావాలంటే నీటిని ప్రయోగశాలకు తీసుకెళ్లాలి. అక్కడి దాకా తీసుకెళ్లిన నీటిలో ఫ్లోరైడ్‌నే నేరుగా కొలవవచ్చు. అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో (నీటిలో ఒక్క ఫ్లోరైడ్‌నే కొలిచే పరికరం) ఆ కొలత, మిగతా అయాన్లన్నీ కొలవడం కంటే తక్కువ శ్రమ. కొత్త ఊళ్లలో ఆ గడులు ఖాళీగా ఉండటంతో అప్పటిదాకా సగటు విలువలతో నింపారు. మోడల్ అక్కడ తడబడటంలో ఆశ్చర్యం ఏముంది?

శాస్త్రవేత్తకు ఆ సంబంధం ఒక జ్ఞానం. అధికారికి అది పనిముట్టు కాదు. రెండింటినీ ఒకే పేపరులో, ఒకే అంకెతో చెప్పబోవడం వల్లే ఈ కలగాపులగం వచ్చింది. రసాయన సంబంధాన్ని థీసిస్‌లో ఒక అధ్యాయంగా ఉంచి, అంచనా మోడల్ నుంచి మాత్రం ఆ అంశాలను తీసేయాలని నిర్ణయించాం. గైడ్‌కు ఇది వెంటనే నచ్చలేదు. తీసేస్తే అంకె పడిపోతుందన్నారు. పడిపోయే అంకే అధికారుల చేతికి వెళ్లేదని చెప్పాను. ఆయన ఒక రోజు ఆలోచించి ఒప్పుకున్నారు. ఆయన మీద గౌరవం పెరిగింది.

కొలతలనూ ఒకసారి తిరగేశాం. పాత రికార్డుల్లో కొన్ని ఎలక్ట్రోడ్‌తో, కొన్ని రంగు చూసి చెప్పే క్షేత్ర కిట్‌తో తీసినవి. కిట్ విలువలు 1.0, 1.5 దగ్గర గుట్టపడ్డాయి. సరిగ్గా 1.5 అని రాసి ఉన్న బోరు ఏ వైపు? రంగు పట్టీ చూసిన మనిషి కంటిమీద ఆధారపడిన తేడాను మోడల్ ప్రకృతి తేడాగా నేర్చుకుంటోంది. కిట్ విలువలను శిక్షణలో ఉంచినా, పరీక్షకు ఎలక్ట్రోడ్ విలువలనే వాడాం.

1.5 అన్న గీత గురించీ వాదన జరిగింది. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఆమోదయోగ్యమైన హద్దు 1.0. వేరే ఆధారం లేనప్పుడు మాత్రమే 1.5 దాకా అనుమతి. భగీరథ నీళ్లున్న ఊళ్లో వేరే ఆధారం లేదని ఎలా అంటాం? మరోవైపు ఏడాదికి కొన్ని రోజులు వాడే బోరుకూ, ఏళ్ల తరబడి తాగే బోరుకూ ప్రమాదం ఒకటి కాదు, ఫ్లోరోసిస్ ఏళ్లమీద పేరుకునే జబ్బు. కానీ పళ్లు ఏర్పడే వయసు పిల్లల విషయంలో ఉదారంగా ఉండలేం, పైగా ఎండలకు మనం తాగే నీళ్లూ ఎక్కువ. చివరికి ఒక గీత బదులు మూడు తరగతులు పెట్టాం: 1.0 లోపు, 1.0 నుంచి 1.5, ఆపైన. ఏది ఎన్ని రోజులు వాడాలన్నది ప్రజారోగ్య అధికారులు తేల్చాలి, మోడల్ కాదు.

పనిచేసింది

పరీక్షను మూడు ప్రశ్నలుగా విడదీశాం. తెలిసిన బోరుకు మరో కాలంలో విలువ చెప్పగలదా? తెలిసిన ఊళ్లో కొత్త బోరుకు చెప్పగలదా? అసలు తెలియని ప్రాంతంలో చెప్పగలదా? మూడో ప్రశ్నకు ఊళ్లను కాకుండా, వాటర్‌షెడ్‌లను (వాన నీరు ఒకే వాగులోకి చేరే ప్రాంతాలను) మొత్తంగా పక్కన పెట్టాం, ఎందుకంటే పక్క ఊళ్లు కూడా ఒకదాని జవాబు మరొకదానికి అందిస్తాయి. మొదటి ప్రశ్నకు మోడల్ చాలా బాగా, రెండోదానికి ఓ మాదిరిగా, మూడోదానికి బలహీనంగా జవాబిచ్చింది. సరఫరా ఆగిన రోజు అధికారికి ఎదురయ్యేవి రెండోది, మూడోది.

పోలికకు ఒక సాదా నియమం కూడా పెట్టించాను: అతి దగ్గర్లో పరీక్షించిన బోరు విలువే దీనికీ ఉంటుందనుకోవడం. మోడల్ దానికంటే కొద్దిగానే మెరుగు. యువ అధ్యాపకుడు ఆ పట్టికను దాచకుండా పేపరులో పెట్టారు.

మొత్తం సరైన జవాబుల శాతాన్ని కూడా పక్కన పెట్టాం. నూరు బోర్లలో ఎనభై మంచివైతే, అన్నీ మంచివేనని కళ్లు మూసుకుని చెప్పినా ఎనభై శాతం వస్తుంది. ఇక్కడ రెండు తప్పులు సమానం కావు. మంచి బోరును చెడ్డదంటే ఒక ట్యాంకర్ ఖర్చు. చెడ్డదాన్ని మంచిదంటే ఒక ఊరి పిల్లలు ఆ నీళ్లు తాగుతారు. కాబట్టి చెడ్డ బోర్లలో ఎన్నింటిని పట్టుకున్నదన్నదే ప్రధాన కొలత అయింది.

ఇంత చేశాక పచ్చ చుక్కను ఏం చేయాలి? సంస్థ వారు 'బహుశా సురక్షితం' అని రాద్దామన్నారు. రంగు చూసేవారు పక్కనున్న 'బహుశా'ను చదవరని నా అభిప్రాయం. పచ్చ చుక్క ఎలక్ట్రోడ్ పరీక్ష జరిగిన బోరుకే ఉండాలని పట్టుబట్టాను. అప్పుడు మోడల్ ఎందుకు? ఏ బోర్లను ముందు పరీక్షించాలో వరుస చెప్పడానికి. ఆ పనికి అది చాలు. అంచనా తప్పినా నష్టం, ఒక బోరు వంతు కొన్ని వారాలు వెనక్కి వెళ్లడం మాత్రమే. అప్పటిదాకా దానికి పచ్చ పడదు.

జిల్లా అధికారులతో సమావేశానికి పటం బదులు ఒక జాబితా వెళ్లింది. సరఫరా తరచూ ఆగే ఊళ్లు, వాటిలో ట్యాంకుకు కలిపి ఉన్న బోర్లు, పరీక్ష వరుస. ఇంజినీరు ఒకరు దాన్ని చూసి, ఇది మా వేసవి కార్యక్రమంలో అలాగే పెట్టుకోవచ్చన్నారు. వేసవే ఎందుకంటే ఆ బోర్లు నడిచేది అప్పుడే. వానల తర్వాత ఫ్లోరైడ్ కొన్ని బోర్లలో తగ్గుతుంది, కొన్నింటిలో పై పొరల లవణాలు కొట్టుకొచ్చి పెరుగుతుంది. నవంబరు విలువతో మే నెల నిర్ణయం చేయలేం.

ఇలాంటి పనికి కూర్చునే స్కాలర్లకు

అల్గారిథమ్ ఎంచుకునే ముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఈ అంచనాను ఎవరు, ఏ రోజు, ఏ సమాచారం చేతిలో పెట్టుకుని వాడతారు. ఆ రోజు చేతిలో లేని ఏ అంశమూ మోడల్‌లో ఉండకూడదు. పరీక్ష భాగాన్ని ఆ రోజు పరిస్థితిని పోలేలా విడదీయండి. ఊరి పేరొక్కటే ఇచ్చి చూసే చిన్న పరీక్షకు ఒక పూట చాలు, దాన్ని మాత్రం వదలకండి. గైడ్‌లకు కూడా ఒక విన్నపం. బయటి ఊళ్లలో మోడల్ తప్పిందని చెప్పిన విద్యార్థి దాచుకోవలసింది ఏమీ లేదు. ఆ ఫలితాన్ని ప్రచురించనివ్వండి.

ఆమె థీసిస్‌లో ఇప్పుడు ఆ అధ్యాయం మూడు ప్రశ్నల రూపంలోనే ఉంది. ఇంకా తేలని విషయం బోరు లోతు. సగానికి పైగా బోర్లకు అది నోటిమాట మీద ఆధారపడిన అంకే. కొత్త బోరు వేసిన రోజే లోతు, కేసింగ్, నీరు పడిన అడుగులు పంచాయతీ రిజిస్టరులో ఎక్కించాలని, బోరు మారితే నంబరు కూడా మారాలని మేము ఇచ్చిన సూచన జిల్లా కార్యాలయంలో పరిశీలనలో ఉంది. ఈలోగా సంస్థ కార్యకర్తలు తాము తిరిగే ఊళ్లలో ఆ మూడు గడులను సొంతంగా నింపుతున్నారు.